పీజో డిస్కు నుంచి కరెంటు ఎంతవరకు పెంచగలం?

ఇంజనీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టుల జాబితా తిరగేస్తే ‘అడుగుల నుంచి విద్యుత్తు’ అన్న పేరు ఎక్కడో ఒకచోట తగులుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో డజన్ల లెక్కన కొన్న పీజో బజర్ డిస్కులు, ఒక ప్లైవుడ్ చెక్క, బ్రిడ్జ్ రెక్టిఫయర్, కెపాసిటర్, చివర ఓ ఎల్‌ఈడీ. చెక్క మీద కాలు వేస్తే మీటరు 20 వోల్టులు చూపిస్తుంది, ఎల్‌ఈడీ మినుక్కుమంటుంది. ఫోన్ తగిలిస్తే మాత్రం ఏమీ జరగదు. వోల్టేజీ ఉంది కదా, కరెంటు పెంచడం ఎలా అన్న ప్రశ్న అక్కడ పుడుతుంది. మంచి ప్రశ్న. దానికి జవాబుగా వచ్చిన పరిశోధన కూడా చాలానే ఉంది. ఆ ఫలితాల్లో ఏది దేనికి వర్తిస్తుందో, ఎంతవరకు నమ్మవచ్చో చూడడమే ఈ వ్యాసం పని.

ముందుగా ఒక విభజన అవసరం. ఉన్న పవర్‌నే వోల్టేజీ తగ్గించి కరెంటుగా మార్చుకోవడం ఒక పని. అసలు పవర్‌నే ఎక్కువగా రాబట్టడం ఇంకో పని. మొదటిది మామూలు ఎలక్ట్రానిక్స్‌తో అయిపోతుంది, కాని దానివల్ల డిస్కు ఇచ్చే శక్తి రవ్వంత కూడా పెరగదు. రెండోదానికి పదార్థం, యాంత్రిక నిర్మాణం, సర్క్యూటు మూడూ కలిసిరావాలి. ఈ రెండూ కలగలిసిపోవడం వల్లనే ‘కరెంటు పదిరెట్లు పెరిగింది’ లాంటి వాక్యాలకు అర్థం చెప్పడం కష్టమవుతోంది.

ఒక్క డిస్కు లెక్క

జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అనే సోదరులు 1880లో క్వార్ట్జ్, టూర్మలీన్ వంటి స్ఫటికాల్లో పీడన విద్యుత్తును, అంటే పీజో ఎలక్ట్రిసిటీని, గుర్తించారు. స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద ఆవేశం కనబడుతుంది, ఆ ఆవేశం బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఈ నిష్పత్తి క్వార్ట్జ్‌కు న్యూటన్‌కు సుమారు 2.3 పికోకూలుంబ్‌లు. ఇవాళ విరివిగా వాడే లెడ్ జిర్కొనేట్ టైటనేట్, అంటే పీజడ్‌టీ పింగాణీల్లో మెత్తని రకమైన 5హెచ్‌కు అది దాదాపు 593. వంద రెట్లకు మించిన తేడా. అయినా 700 న్యూటన్ల మనిషి బరువు మొత్తం నేరుగా ఒక 5హెచ్ ముక్క మీద పడితే వచ్చే ఆవేశం 0.42 మైక్రోకూలుంబ్ మాత్రమే. కరెంటు అంటే సెకనుకు కదిలే ఆవేశం కాబట్టి, కష్టం ఎక్కడుందో ఈ ఒక్క అంకెలోనే తెలుస్తుంది.

బజారులో దొరికే డిస్కు నేరుగా నలగదు, ఇత్తడి పలకతో కలిసి వంగుతుంది. దాని కెపాసిటెన్స్ 20 నానోఫారడ్‌లు అనుకుందాం. ఆ సైజు డిస్కులకు ఇది సహజమైన విలువ. నొక్కి వదిలినప్పుడు దాని చివరల మధ్య వోల్టేజీ మొత్తం 20 వోల్టుల మేర ఊగుతుందనుకుందాం. కదిలే ఆవేశం నొక్కినప్పుడు 0.4, వదిలినప్పుడు మరో 0.4 మైక్రోకూలుంబ్. సెకనుకు రెండు అడుగులు పడితే, చివరలను కలిపేసినప్పుడు సగటు కరెంటు 1.6 మైక్రోఆంపియర్లు. కాని చివరలను కలిపేస్తే వోల్టేజీ సున్నా, పవర్ కూడా సున్నా. బ్రిడ్జ్ రెక్టిఫయర్ పెట్టి అత్యధిక పవర్ తీయాలంటే కెపాసిటర్‌ను 5 వోల్టుల దగ్గర నిలపాలి. అప్పుడు వచ్చేది 0.8 మైక్రోఆంపియర్లు, 4 మైక్రోవాట్లు. డయోడ్లు ఏమీ తినవని ఊహించి వేసిన లెక్క ఇది.

తెరిచి ఉంచినప్పటి గరిష్ఠ వోల్టేజీని, చివరలు కలిపినప్పటి కరెంటును గుణించి ‘ఇంత పవర్ వస్తుంది’ అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు చాలా కనబడతాయి. పై ఉదాహరణలో అలా గుణిస్తే 20 వోల్టుల ఊగుడులో సగమైన 10 వోల్టులు, 1.6 మైక్రోఆంపియర్లు కలిసి 16 మైక్రోవాట్లు అవుతాయి. నిజంగా చేతికొచ్చేది అందులో సరిగ్గా నాలుగో వంతు. రెండు అంకెలూ నిజమైనవే, కాని అవి ఏనాడూ ఒకే క్షణంలో కలిసి ఉండవు.

పదార్థం మారిస్తే

కరెంటు కావాలంటే ఎక్కువ ఆవేశం ఇచ్చే పదార్థం కొనాలని మొదట తోస్తుంది. 5ఏ రకం పీజడ్‌టీకి న్యూటన్‌కు 374 పికోకూలుంబ్‌లు, 5హెచ్‌కు 593. ఆవేశం 1.6 రెట్లు. అయితే 5హెచ్ పర్మిటివిటీ కూడా ఎక్కువే కాబట్టి అదే బలానికి దాని వోల్టేజీ తక్కువ. శక్తిని నిర్ణయించేది ఆవేశ గుణకం, వోల్టేజీ గుణకం రెండింటి లబ్ధం. తయారీదారుల పట్టికల్లోని విలువలతో లెక్కిస్తే ఈ రెండు రకాల మధ్య తేడా నాలుగో వంతుకు కొంచెం పైన. ఆవేశంలో 60 శాతం పెరుగుదల శక్తిలోకి వచ్చేసరికి 26 శాతం అయింది. ఖరీదైన ఏక స్ఫటికాలు ఇంతకన్నా మెరుగే, కాని కాలికింది చెక్కకు వాటి ధర పొసగదు. పీజడ్‌టీ బరువులో 60 శాతానికి పైగా సీసమే ఉంటుంది. పగిలిన డిస్కులను చెత్తబుట్టలో పడేసే అలవాటును మన ప్రయోగశాలలు మానుకోవాలి.

పదార్థం మార్చడం వల్ల ఒకటికి రెండు రెట్ల లోపు లాభం దొరుకుతుందని, వందరెట్ల ఆశలకు ఇది చోటు కాదని నా అంచనా.

యాంత్రిక శక్తి ఎంత లోపలికి వెళ్తోంది?

నా దృష్టిలో అసలు విషయం ఇది. 10 మిల్లీమీటర్ల వ్యాసం, అంతే ఎత్తు ఉన్న గట్టి పింగాణీ స్థూపం మీద 700 న్యూటన్ల బలం వేస్తే అది ఎంత కుంగుతుంది? దాని గట్టిదనాన్ని బట్టి లెక్కిస్తే దాదాపు 2 మైక్రోమీటర్లు. ఆ నలుగుడులో దాచుకున్న యాంత్రిక శక్తి 0.65 మిల్లీజౌల్. అందులో అత్యధికంగా దాదాపు సగం మాత్రమే విద్యుత్తుగా మారగలదు. మనిషి బరువుకు కొదవ లేదు, కాని పింగాణీ కదలదు కాబట్టి ఆ బరువు దాని మీద పని చేయలేదు. ఎంత గొప్ప సర్క్యూటు తగిలించినా లోపలికి రాని శక్తిని బయటికి తీయలేదు.

వంగే పలకలు, వంతెన ఆకారపు లోహపు చట్రాలు, బలాన్ని పెంచే లివర్లు ఇందుకే వచ్చాయి. అవన్నీ పింగాణీలో సాగుడును పెంచుతాయి, దాంతోపాటు పగిలే ప్రమాదాన్ని కూడా. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో షెంక్, పారడీసో చేసిన బూటు ప్రయోగం 2001లో ప్రచురితమైంది. మడమ కింద వంపు తిరిగిన పీజడ్‌టీ పలకలను జంటగా పెట్టారు. మామూలు నడకలో 500 కిలోఓమ్‌ల లోడ్‌కు సగటున 8.4 మిల్లీవాట్లు వచ్చాయి. పాదం ముందు భాగంలో పెట్టిన పీవీడీఎఫ్ ప్లాస్టిక్ పొరలు 250 కిలోఓమ్‌లకు 1.3 మిల్లీవాట్లు ఇచ్చాయి. లోడ్, సగటు పవర్, నడక వేగం మూడూ చెప్పారు కాబట్టి ఈ ఫలితాన్ని నేటికీ ఇతరులు పోల్చుకోగలుగుతున్నారు. 8.4 మిల్లీవాట్లు 500 కిలోఓమ్‌లలో అంటే ప్రభావ వోల్టేజీ 65 వోల్టులు, కరెంటు 0.13 మిల్లీఆంపియర్లు. ఒక్క డిస్కు ఇచ్చే 4 మైక్రోవాట్లకు ఇది రెండు వేల రెట్లు. ఆ తేడా మంత్రపు పదార్థం వల్ల వచ్చింది కాదు. పింగాణీ పరిమాణం పెద్దది, మడమ బలమంతా దాన్ని వంచడానికే ఖర్చయ్యేలా నిర్మాణం ఉంది.

దీన్నే ఫోన్ దగ్గరికి తెస్తే, 5000 మిల్లీఆంపియర్ అవర్ బ్యాటరీలో దాదాపు 69 వేల జౌళ్ల శక్తి పడుతుంది. 8.4 మిల్లీవాట్లతో, ఏ నష్టమూ లేకుండా, రాత్రింబవళ్లు ఆగకుండా నడిస్తే 95 రోజులు కావాలి.

రెండో మార్గం పౌనఃపున్యం. ఒకే సాగుడు సెకనుకు రెండుసార్లు కాక వందసార్లు జరిగితే కరెంటు యాభై రెట్లు. యంత్రాల కంపనాలకు ఇది సహజంగా దొరుకుతుంది. రౌండీ, రైట్‌లు 2004లో చెప్పిన ఒక ఘన సెంటీమీటరు పరిమాణపు పలక, 120 హెర్ట్జ్ దగ్గర సెకను వర్గానికి 2.5 మీటర్ల త్వరణానికి 375 మైక్రోవాట్లు ఇచ్చింది. అనునాదం ఆ అంకెలో పెద్ద భాగస్వామి. పలక సహజ పౌనఃపున్యం, యంత్రం కంపన పౌనఃపున్యం ఒకటిగా ఉన్నంతసేపే ఆ ఫలితం. మోటారు వేగం కొద్దిగా మారితే పవర్ పడిపోతుంది. ప్రయోగశాల షేకర్ మీద వచ్చిన అంకెను పంపుసెట్టు మీద ఆశించే ముందు ఆ పంపుసెట్టు కంపనాన్ని కొలిచి చూసుకోవడం తప్పనిసరి.

నెమ్మదైన కదలికను వేగమైన కంపనంగా మార్చే పద్ధతి కూడా ఉంది. వీణ తీగను మీటినట్టు పలక కొనను మీటి వదిలేస్తే అది తన సహజ పౌనఃపున్యంలో కొంతసేపు ఊగుతుంది. క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పోట్సీ, జూ బృందం మోకాలి కీలు కదలికతో పలకలను మీటే పరికరం చేసింది. 2012లో ప్రచురించిన వ్యాసంలో నాలుగు పలకల నమూనా సుమారు 2 మిల్లీవాట్లు ఇచ్చిందని, మెరుగుపరిస్తే 30 వరకు రావచ్చని రాశారు. మొదటిది కొలిచిన విలువ, రెండోది అంచనా. ఆ పరిశోధకులు తేడా స్పష్టంగానే చెప్పారు. తర్వాత వారిని ఉటంకించేవారు మాత్రం 30నే పట్టుకునే ప్రమాదం ఉంది.

సర్క్యూటు చేయగలిగింది

పీజో మూలం లోపల ఒక కెపాసిటర్ ఉన్నట్టే. 20 నానోఫారడ్‌లు 2 హెర్ట్జ్ దగ్గర చూపే అడ్డంకి దాదాపు 4 మెగాఓమ్‌లు. దీన్ని రద్దు చేయడానికి పుస్తకం చెప్పినట్టు ఇండక్టర్ పెట్టాలంటే 3 లక్షల హెన్రీలకు పైగా కావాలి. 50 హెర్ట్జ్ దగ్గర కూడా 500 హెన్రీలు. అలాంటి చుట్ట ఎవరూ చుట్టలేరు. మామూలు ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ దించాలన్న ఆలోచన నడక వేగంలో విఫలమయ్యేదీ ఇందుకే. గ్యాస్ లైటర్‌లోని పీజో మీద పడే దెబ్బ చాలా వేగమైనది కాబట్టి అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ పనిచేస్తుంది. పారడీసో, ఫెల్డ్‌మయర్ 2001లో ఆ పద్ధతితోనే బ్యాటరీ లేని వైర్‌లెస్ బటన్ చేసి, ఒక్క నొక్కుతో 50 అడుగుల దూరానికి డిజిటల్ కోడ్ పంపించారు.

నెమ్మదైన మూలాలకు దారి స్విచ్చింగ్ సర్క్యూట్లు. ఆట్‌మన్, హాఫ్‌మన్ బృందం 2002లో రెక్టిఫయర్ తర్వాత తనంతట తానే సర్దుకునే డీసీ-డీసీ కన్వర్టర్ పెట్టి బ్యాటరీలోకి వెళ్లే పవర్ 400 శాతానికి పైగా పెరిగిందని చూపింది. ఇది దేనితో పోలిక? కన్వర్టర్ లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపినదానితో. ఎక్కువ వోల్టేజీ ఇచ్చే మూలాన్ని తక్కువ వోల్టేజీ బ్యాటరీకి కట్టేస్తే పవర్ ఎక్కువగా వృథా అవుతుంది, కన్వర్టర్ ఆ వృథాను అరికట్టింది. డిస్కు ఇవ్వగలిగిన గరిష్ఠం మారలేదు, దాని దగ్గరికి మనం చేరాం.

లియోన్‌లో గియోమార్, బాదెల్, లెఫెవ్ర్, రిషార్ 2005లో ప్రచురించిన పద్ధతి వేరు. సాగుడు అంచుకు చేరిన క్షణంలో ఒక చిన్న ఇండక్టర్‌ను కొద్ది మైక్రోసెకన్ల నుంచి మిల్లీసెకన్ల పాటు కలిపి, డిస్కు మీది వోల్టేజీని తలకిందులు చేస్తారు. తన సొంత కెపాసిటర్‌ను తిరిగి నింపడానికి డిస్కు ఖర్చుపెట్టే ఆవేశం అలా మిగిలిపోయి లోడ్‌కు చేరుతుంది. మామూలు పద్ధతితో పోలిస్తే పవర్ 900 శాతానికి పైగా పెరగవచ్చని ఆ వ్యాసం చెప్పింది. ఎంఐటీలో రామదాస్, చంద్రకాసన్ ఇదే కోవకు చెందిన సర్క్యూటును చిప్‌గా చేసి 2010లో 4 రెట్లకు పైగా మెరుగుదల చూపించారు. ఇది డిస్కు నుంచి నిజంగా ఎక్కువ శక్తి లాగే పద్ధతి, సందేహం లేదు.

అయితే అంత పెద్ద శాతం ఎప్పుడు? విద్యుత్తుకు, యాంత్రిక కదలికకు మధ్య బంధం బలహీనంగా ఉన్నప్పుడు, అంటే ఎంత కరెంటు లాగినా పలక ఊగుడు తగ్గనప్పుడు. తైవాన్‌లో షూ బృందం 2007లో చేసిన విశ్లేషణ ప్రకారం, బంధం బలంగా ఉండి అనునాదంలో నడిచే వ్యవస్థలో ఆదర్శ స్విచ్చింగ్ సర్క్యూటు ఇచ్చేది కూడా మామూలు బ్రిడ్జ్ ఇచ్చేంతే. ఆ పద్ధతి బాగా ఉపయోగపడేది మధ్యస్థ బంధం ఉన్నచోట. 900 శాతం అబద్ధం కాదు, కాని దాన్ని ప్రతి డిస్కుకూ అంటించడం తప్పు.

చిన్న చిన్న లీకులు

నాలుగు మైక్రోవాట్ల ప్రపంచంలో మామూలు అలవాట్లు చెల్లవు. డయోడ్ డ్రాప్ తగ్గుతుందని షాట్కీ డయోడ్లు వాడమని సలహా ఇస్తుంటారు. డిస్కు 2, 3 వోల్టులే ఇస్తే ఆ సలహా సరైనదే. 20 వోల్టులు ఊగే డిస్కుకు డ్రాప్ పెద్ద నష్టం కాదు. పవర్ సప్లైల్లో వాడే పెద్ద షాట్కీల రివర్స్ లీకేజీ మాత్రం డిస్కు ఇచ్చే కరెంటును మించిపోవచ్చు. అక్కడ మామూలు 1ఎన్4148 మేలు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల డేటాషీట్లు సాధారణంగా లీకేజీ పరిమితిని కెపాసిటెన్స్, వోల్టేజీల లబ్ధంలో 0.01 వంతుగా ఇస్తాయి. 1000 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్‌కు అది 250 మైక్రోఆంపియర్లు. నిజానికి కారేది ఇంతకన్నా చాలా తక్కువే, అయినా సగటున ఒక మైక్రోఆంపియర్ కూడా ఇవ్వని డిస్కుకు అదే ఎక్కువ. ‘ఎంత నొక్కినా కెపాసిటర్ 3 వోల్టులు దాటడం లేదు’ అనే ఫిర్యాదుకు ముందుగా అనుమానించాల్సింది దీన్నే. సిరామిక్, ఫిల్మ్ కెపాసిటర్లు ఇక్కడ నయం.

పీజో కోసమే తయారైన ఎల్‌టీసీ3588 చిప్ 2.7 నుంచి 20 వోల్టులు తీసుకుని 1.8 నుంచి 3.6 వోల్టులు ఇస్తుంది. 100 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వగలదని డేటాషీట్‌లో ఉంటుంది. దాన్ని చూసి ఆశపడేవారు గమనించాల్సింది, ఆ కరెంటు ముందుగా కెపాసిటర్‌లో పోగేసుకున్న శక్తి నుంచి కొద్దిసేపు వచ్చేది. చిప్ తన కోసం తాను వాడుకునేది 950 నానోఆంపియర్లు. ఇన్‌పుట్ 5 వోల్టుల దగ్గర ఉంటే అది దాదాపు 5 మైక్రోవాట్లు, మన ఒక్క డిస్కు ఇచ్చే 4 కంటే ఎక్కువ. చిప్ బాగోలేదని కాదు, ఒక్క డిస్కుకు అది తగదు.

డిస్కులను సమాంతరంగా కలిపితే కరెంటు కూడుతుందన్నది నిజమే, అన్నీ ఒకేసారి ఒకే దిశలో వంగితే. 30 డిస్కుల చెక్క మీద పాదం 5 డిస్కులనే వంచిందనుకోండి. నేరుగా సమాంతరంలో ఉంటే మిగతా 25 ఖాళీ కెపాసిటర్లుగా మారి ఆ ఆవేశాన్ని పంచుకుంటాయి. వోల్టేజీ ఆరో వంతుకు, శక్తి కూడా ఆరో వంతుకు పడిపోతాయి. ప్రతి డిస్కుకు లేదా ఒకేసారి నలిగే గుంపుకు విడిగా బ్రిడ్జ్ పెట్టి, డీసీ వైపు కలపాలి. ఒక పలకనే పలుచని పొరలుగా చేసి సమాంతరంగా కలిపే బహుళ పొరల పరికరాల్లో కరెంటు పొరల సంఖ్య మేరకు పెరుగుతుంది, వోల్టేజీ అంతే తగ్గుతుంది, శక్తి మారదు. తక్కువ వోల్టేజీ సర్క్యూట్లకు కలపడం సులువు కావడమే అక్కడి లాభం.

కొలిచే సాధనం కూడా లోడే. 10 మెగాఓమ్‌ల మల్టీమీటర్, 20 నానోఫారడ్‌లు కలిస్తే కాలస్థిరాంకం 0.2 సెకన్లు. 1 మెగాఓమ్ ఆసిలోస్కోప్ ప్రోబ్‌తో 0.02 సెకన్లే. నెమ్మదిగా నొక్కితే చూసేలోపే ఆవేశం కారిపోతుంది. ఎల్‌ఈడీ వెలిగిందన్నది కూడా కొలత కాదు; నేటి ఎల్‌ఈడీలు పదుల మైక్రోఆంపియర్లకే కంటికి కనబడతాయి.

మరి ఇది దేనికి పనికొస్తుంది? సగటున 100 మైక్రోవాట్లు నిలకడగా దొరికే యంత్రం ఒకటి ఉందనుకుందాం. 3.3 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు, 5 మిల్లీసెకన్ల పాటు తీసుకునే చిన్న రేడియో సందేశానికి 330 మైక్రోజౌళ్లు చాలు. నష్టాలు వదిలేస్తే మూడు నాలుగు సెకన్లకోసారి బేరింగ్ ఉష్ణోగ్రత పంపవచ్చు, బ్యాటరీ మార్చడానికి మనిషి అక్కడికి ఎక్కాల్సిన అవసరం లేకుండా. ఈ రంగం నిజమైన విలువ అక్కడుందని నేను నమ్ముతాను. రైల్వే స్టేషన్ నేలలకు వచ్చేసరికి ఆధారాలు అంత బలంగా లేవు. జపాన్‌లో జేఆర్ ఈస్ట్ 2006, 2008లలో టోక్యో స్టేషన్‌లో అలాంటి నేలను పరీక్షించింది. పీజో నేల అక్కడి విద్యుత్ అవసరాలకు మామూలు వనరుగా మారలేదు. అడుగుల విద్యుత్తుకు పేరుపడ్డ పేవ్‌జెన్ పలకలు విద్యుదయస్కాంత జనరేటర్లతో పనిచేస్తాయి కాబట్టి వాటి అంకెలను పీజో ఖాతాలో వేయకూడదు.

ప్రాజెక్టు గైడ్లకు, విద్యార్థులకు ఒక విన్నపం. మీ రిపోర్టులో తెరిచి ఉంచినప్పటి వోల్టేజీ ఒక్కటే రాయకండి. ఏ బలం, సెకనుకు ఎన్నిసార్లు, ఎంత లోడ్ మీద, కనీసం ఒక నిమిషం సగటున ఎన్ని మైక్రోవాట్లు అన్నవి రాయండి. నాలుగైదు వేర్వేరు రెసిస్టర్లతో కొలిచి, పవర్ ఎక్కడ గరిష్ఠమో గ్రాఫ్ గీయండి. ‘ఇన్ని రెట్లు పెరిగింది’ అంటే దేనితో పోలిస్తే పెరిగిందో ఆ పక్కనే చెప్పండి. వచ్చిన అంకె 4 మైక్రోవాట్లే అయినా సరే, మీ తర్వాతి బ్యాచ్ దాని మీద నమ్మకంగా పని మొదలుపెట్టగలదు.